మా మిద్దె మీది టెలివిజన్ చరిత్ర

టెలివిజన్ చరిత్రను అందరూ తెర ముందు కూర్చొని చెబుతారు. నేను మిద్దె మీది నుంచి చెబుతాను, ఎందుకంటే 1987లో పరకాల దగ్గరి మా ఊళ్లో, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యే వేళకు నా చోటు అక్కడే.

ఇనుప పైపుకు బిగించిన, చేపముల్లును పోలిన అల్యూమినియం ఆంటెన్నాను రెండు చేతులా పట్టుకొని నేను తిప్పుతుంటే, టీవీ ముందు నాయినమ్మ, గడప దగ్గర అక్క, వాకిట్లో చిన్నాయిన వరుసగా నిలిచేవారు. నాయినమ్మ నోట వెలువడిన "అచ్చింది" అన్న మాట మిగతా ఇద్దరినీ దాటి నా చెవిన పడేసరికి బొమ్మ మళ్లీ పోయి ఉండేది. "గట్లనే పట్టుకో, కదలకు!" అని చిన్నాయిన కేక వేసేవాడు. శివధనుస్సు విరిగిన సంగతి నాకు ఇంట్లోంచి లేచిన చప్పట్లను బట్టే తెలిసింది.

ఆ చేపముల్లు రూపం జపాన్‌లో ఉడా, యాగి అనే ఇద్దరు పరిశోధకుల ఆలోచన. వెనుక ఉన్న కడ్డీ తరంగాలను ముందుకు మళ్లిస్తుంది, ముందున్న కడ్డీలు వాటిని ఒకే దారిలో నడిపిస్తాయి కాబట్టి, ప్రసార కేంద్రం ఉన్న దిక్కుకు ముఖం పెడితే తప్ప అది పనిచేయదు. వాళ్లు దాన్ని లోకానికి తెలిపిన 1926లోనే, జనవరి 26న, లండన్‌లో జాన్ లోగీ బేర్డ్ తన టెలివిజన్‌ను శాస్త్రజ్ఞులకు చూపించాడు. అంతకు కొన్ని నెలల ముందు, దీపాల వేడికి భయపడిన ఆఫీసు కుర్రవాడిని తన యంత్రం ముందు కూర్చోబెట్టడానికి బేర్డ్ డబ్బులు ఇవ్వవలసి వచ్చింది. నాకు మాత్రం ఎవరూ పైసా ఇవ్వలేదు.

కింద జరిగే అనువాదం మరీ ముచ్చటైనది. మా ఇంట్లో హిందీ తెలిసినవారు లేరు గాని, నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదివిన తాతయ్య ఉన్నాడు. ఆ ధారావాహికలో హిందీ సంస్కృతంతో నిండి ఉండేది కాబట్టి "గయా", "బోలా" వంటి క్రియలు తాతయ్యకూ, "ఆజ్ఞ", "వనవాసం", "ప్రతిజ్ఞ" వంటి మాటలు నాయినమ్మకూ అర్థమయ్యేవి. ఆయన "ఎవరో ఎక్కడికో పోయిండు" అంటే, ఆమె "రాముడే, అడవికి" అని పూర్తి చేసేది. ఇద్దరూ కలిసి ఒక్క వాక్యం తయారు చేసేసరికి తెర మీద మరో వాక్యం వచ్చేది. అంత శ్రద్ధగా ఒకరి మాటను మరొకరు వినడం వాళ్ల మధ్య నేను ఇంకెప్పుడూ చూడలేదు.

బొమ్మ పోయినప్పుడు తెర మీద రాలే తెల్లచుక్కలను నాయినమ్మ "నూకలు పోస్తున్నరు" అనేది. ఆ నూకల్లో సుమారు నూటికి ఒక వంతు విశ్వం పుట్టిన తొలినాళ్ల నుంచి మిగిలిన వికిరణమని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. 1964లో దాన్ని ఒక రొదగా పట్టుకున్న అమెరికా శాస్త్రజ్ఞులు పెంజియాస్, విల్సన్ ఆ రొదకు తమ ఆంటెన్నాలోని పావురాల రెట్టలే కారణమనుకొని ముందు వాటిని కడిగారట. మా పైపు మీద కాకులు వాలేవి. చిన్నాయిన కూడా అదే అనుమానంతో నా చేతికి చీపురు ఇచ్చాడు.

కేబుల్ వైర్లు వచ్చి వెళ్లాయి. వాటి తర్వాత వచ్చిన డిష్‌ను చూసి నాయినమ్మ బాధపడింది, ఎందుకంటే అది దక్షిణానికి, అంటే యముడి దిక్కుకు ముఖం పెట్టింది. టీవీ ఉపగ్రహాలు మనకు దక్షిణాన ఉన్న భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయని, మన జిల్లాలో ఏ ఇంటి డిష్ అయినా ఇంచుమించు అటే చూడాలని నేను వివరిస్తే, "అయితే ఊరంతటికీ ఒకటే దిక్కా?" అని కాస్త నెమ్మదించింది.

ఇంటర్నెట్ లేకుండానే ప్రసార గోపురం నుంచి నేరుగా సెల్‌ఫోన్‌కు కార్యక్రమాలు అందించే డైరెక్ట్ టు మొబైల్ పద్ధతిని ప్రసార భారతి, ఐఐటీ కాన్పూర్ కలిసి పరీక్షించాయి. అది వస్తే ఆంటెన్నా మన అరచేతిలోకే చేరుతుంది. మొన్న ఊరికి వెళ్లినప్పుడు మా తమ్ముడి కొడుకు క్రికెట్ చూడడానికి సిగ్నల్ అందక, ఫోన్‌ను ఎత్తిపట్టుకొని మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇప్పుడు బట్టలు ఆరవేసే తాడు కట్టిన ఆ పాత పైపు దగ్గర నిలబడమని వాడికి చెప్పాను.

"అచ్చిందా?" అని కింది నుంచి మా తమ్ముడు అడిగాడు.