డోకుమ్ నెలవంక

నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్లాండ్ ప్రాంతంలోని చిన్న పట్టణం డోకుమ్. అక్కడికి రైలు లేదు. లేవార్డెన్‌లో బస్సెక్కాను. దారి పొడవునా పచ్చిక, కాలవలు, ఆవులు. ఇళ్ల ముందు మళ్లీ మళ్లీ అదే జెండా: ఏటవాలు నీలం, తెలుపు చారలు, తెల్ల చారల మీద ఎర్రటి హృదయాలు.

"మీ జెండా ఎంత ప్రేమగా ఉందండీ!" అన్నాను పక్క సీట్లో పెద్దావిడతో.

"హృదయాలు కావు, కలువ ఆకులు. ఏడు ఉంటాయి, చూడండి" అందావిడ.

ఈ ప్రాంతపు ప్రజలను ఫ్రీజియన్లు అంటారు. ఒకప్పటి ఏడు ఫ్రీజియన్ తీరప్రాంతాలకు అవి గుర్తు. 1957లో ఇది ఫ్రీస్లాండ్ అధికారిక జెండా అయింది. ఆ ఆకులను హృదయాలుగా గీయకూడదని అధికారిక వర్ణనలోనే ఉంది. మా ఊరి చెరువులో కలువాకు గుర్తొచ్చింది. తొడిమ దగ్గర ఆ చీలిక అచ్చం అలాగే ఉంటుంది.

డోకుమ్‌లో దిగాక నేను వెతుక్కున్నది మాత్రం పట్టణం డాలు గుర్తు, అంటే డాలు ఆకారంలో గీసే ఊరి అధికారిక చిహ్నం: నెలవంక, మూడు నక్షత్రాలు. ఉత్తర సముద్రం పక్కన నెలవంక ఏమిటి? 1218-19లో క్రైస్తవుల మతయుద్ధంలో (క్రూసేడ్) భాగంగా ఈజిప్టులోని దామియెట్టా ముట్టడికి వెళ్లిన ఫ్రీజియన్ల జ్ఞాపకమని ఇక్కడ చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా, గుర్తు మాత్రం ఊరి ప్రాణం.

ఎందుకంటే డోకుమ్ ఇప్పుడు విడి మున్సిపాలిటీ కాదు. 1984లో తూర్పు, పడమర డోంగెరాడేల్‌లతో కలిసి డోంగెరాడేల్ అయింది. 2019 జనవరి 1న అది ఫెర్వెర్డెరాదీల్, కోలుమర్‌లాండ్‌లతో కలిసి నోర్డీస్ట్-ఫ్రిస్లాన్ అయింది. మన దగ్గర తెలంగాణ 10 జిల్లాలు 33 అయ్యాయి, 2022లో ఆంధ్రలో 13 కాస్తా 26 అయ్యాయి. ఇక్కడ లెక్క వెనక్కి నడుస్తుంది. 1900 ప్రాంతంలో దేశంలో వెయ్యికి పైగా ఉన్న మున్సిపాలిటీలు 2023కి 342కి తగ్గాయి.

కలిసిన ప్రతిసారీ కొత్త డాలు గుర్తు కావాలి. హేగ్‌లోని హోగే రాడ్ ఫాన్ ఆడెల్ అనే మండలి పరిశీలించాక రాజు ఉత్తర్వుతో అది ఖాయమవుతుంది. జెండా మాత్రం మున్సిపల్ కౌన్సిల్ చేతిలోనే ఉంటుంది. 19వ శతాబ్దం మొదట్లో రంగులు రాయకుండా దరఖాస్తు పంపిన ఊళ్లకు నీలం మీద బంగారు రంగు ఇచ్చేశారు. అందుకే దేశమంతా ఆ జంట రంగులు అంతగా కనిపిస్తాయి. నాకు బాగా నచ్చింది మరొకటి: ఫ్రీస్లాండ్‌లో పల్లెలకూ సొంత జెండాలున్నాయి. వాటి కోసం సలహా ఇచ్చే మండలి కూడా ఉంది. పేరు చెరిగిపోయినా గుడ్డ ముక్క నిలుస్తుందన్న ఆ పట్టుదల చూసి గుండె నిండిపోయింది.

సాయంత్రం మోడర్‌ఖాట్ అనే సముద్రతీర పల్లెలో గట్టు మీదికి ఎక్కాను. 1883 మార్చి తుఫానులో ఈ ఊరి జాలర్లు 83 మంది సముద్రంలో కలిసిపోయారు. అప్పటి నుంచి ఈ ఊరి మున్సిపాలిటీ రెండుసార్లు మారింది, ఇప్పుడున్నది మూడోది. గట్టు కింద ఒక ఇంటి ముందు కలువాకుల జెండా గాలికి మడత పడి విప్పుకుంటోంది. పై చారలో రెండు, మధ్యలో మూడు, కింద రెండు. ఏడూ కనిపించేదాకా అక్కడే నిలబడ్డాను.