7 డిగ్రీల మలుపు

కావలిలో పీజీ విద్యార్థులకు పాఠం సిద్ధం చేస్తూ, గ్లూకోజ్ విచ్ఛిన్నంలో ఒక మెట్టును నడిపే ఎంజైమ్, బ్యాక్టీరియాలోని ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ నిర్మాణాన్ని తెరమీద తిప్పి చూస్తుండగా నిన్న అర్ధరాత్రి దాటింది. ఒకే రకమైన నాలుగు ప్రోటీన్ గొలుసులతో ఏర్పడిన ఈ ఎంజైమ్, కణం శక్తి కోసం ఏటీపీని ఖర్చు చేసినప్పుడు మిగిలే ఏడీపీ చేరితే చురుకవుతుంది. గ్లూకోజ్ విచ్ఛిన్నంలో దిగువన తయారయ్యే ఫాస్ఫోఎనాల్ పైరువేట్ పేరుకుని అదే చోట చేరితే మందగిస్తుంది. శాస్త్రవేత్తలు షిర్మర్, ఇవాన్స్ 1990లో చూపినట్లు, అప్పుడు ఒక జంట గొలుసులు రెండో జంటతో పోలిస్తే సుమారు 7 డిగ్రీలు తిరుగుతాయి; దాంతో ఎంజైమ్ పనిచేయాల్సిన చక్కెర ఫాస్ఫేటును పట్టుకునే చోటు నుంచి ధనావేశమున్న 162వ ఆర్జినిన్ తప్పుకుని, రుణావేశమున్న 161వ గ్లుటామేట్ అక్కడికి వస్తుంది. ఫాస్ఫేటుదీ రుణావేశమే కనుక అది ఇక అక్కడ నిలవలేదు. పక్కపక్కనున్న రెండు అమైనో ఆమ్లాలు, అంతే! చదువుకునే రోజుల్లో నేను పేర్లు మాత్రమే బట్టీ పట్టాను. ఈ ఉదయం తరగతిలో మాత్రం పేర్లకంటే ముందు ఈ మలుపునే చూపించాను.