కాలిపర్ కొనేముందు దవడలు మూసి చూడండి

వస్తువుల మందం, రంధ్రాల వ్యాసం దవడలతో కొలిచే నా డిజిటల్ కాలిపర్ తెర మీద 22.00 అని చూపించింది. 608 అనే చిన్న బాల్ బేరింగ్ బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లే కదా అని, లేత్ (ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) మీద బోరు, అంటే అది కూర్చోవాల్సిన రంధ్రం, అక్కడికి తెచ్చి ఆపేశాను. తీరా బేరింగ్ పెడితే వేలితో నొక్కే పని కూడా లేకుండా జారి అవతలికి వచ్చేసింది. సగం రోజు పని, చక్కటి అల్యూమినియం ముక్క, రెండూ పోయాయి. కొత్త కాలిపరే, నంబర్లు కూడా ఎంతో స్థిరంగా కనిపించేవి, అందుకే అనుమానమే రాలేదు.

తర్వాత కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. వస్తువును బయటినుంచి పట్టే కింది దవడలు మూసి జీరో చేసినప్పుడు, పైన ఉండే, రంధ్రాల లోపల పెట్టి కొలిచే దవడల అంచులు కూడా ఒకే గీత మీదకు రావాలి. నా దాంట్లో అవి కాస్త అటూ ఇటూ పొడుచుకుని ఉన్నాయి, అంటే ప్రతి రంధ్రాన్నీ అసలు కంటే చిన్నదిగా చూపిస్తోందన్నమాట. అది తెలియక నేను తెర చెప్పినంత వరకూ కోసుకుంటూ పోయాను.

అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది, తెర మీద రెండో దశాంశం కనిపించినంత మాత్రాన కొలత అంతవరకూ నిజమని అనుకోవద్దని. 0.01 అనేది అది చూపించగలిగే మెట్టు మాత్రమే. పేరున్న కంపెనీల 150 మిల్లీమీటర్ల కాలిపర్‌కు కూడా ఖచ్చితత్వం మామూలుగా ±0.02 అని రాసి ఉంటుంది, అంటే 22.00 అన్నది 21.98 కావచ్చు, 22.02 కావచ్చు. నిజానికి బేరింగ్ టైట్‌గా కూర్చోవాల్సిన చోట కాలిపర్‌ను నమ్ముకోవడమే నా తప్పు, అక్కడ ఇంకా సూక్ష్మంగా కొలిచే మైక్రోమీటరో, రంధ్రాలు కొలిచే బోర్ గేజో ఉండాలి.

సరే, కొనేటప్పుడు ఏం చూడాలి? ముందు దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మధ్యలో ఎక్కడా వెలుగు గీత కనిపించకూడదు. మొదట్లో మూసుకుని చివర్లో సన్నగా వెలుగు కనిపిస్తే దాన్ని అక్కడే వదిలేయండి. తర్వాత పదిసార్లు తెరిచి మూయండి, ప్రతిసారీ జీరోకే రావాలి.

ఆ తర్వాత మంచి కంపెనీ 608 బేరింగ్ ఒకటి తీసుకుని కొలవండి. మామూలు గ్రేడ్ బేరింగ్‌కు కూడా బయటి వ్యాసం 22 కంటే తగ్గితే 0.009 వరకే తగ్గవచ్చు, పెరగకూడదు, కాబట్టి ఇంత చవకలో ఇంతకంటే మంచి పరీక్ష నాకు కనిపించలేదు. అదే బేరింగ్‌ను దవడల మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పట్టి చూడండి. రెండు కొలతలకూ తేడా వస్తే స్లైడ్, అంటే స్కేలు మీద జరిగే భాగం, ఊగుతోందని అర్థం. మంచి కాలిపర్‌లో కూడా బొటనవేలితో గట్టిగా నొక్కితే స్లైడ్ రవ్వంత వాలి చివర్లో కొలత తగ్గుతుంది, అందుకే వస్తువును వీలైనంతవరకూ స్కేలుకు దగ్గరగా పట్టుకోవాలి. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, దాన్ని పై దవడలతో కొలిస్తే నాకు జరిగినట్టు మీకు జరగదు. రంధ్రం చిన్నదైనకొద్దీ ఆ దవడల అంచు మందం వల్ల కొలత కాస్త తక్కువే వస్తుంది, అది లెక్కలో పెట్టుకోండి.

స్లైడ్ వేలి కింద ఒకే రకంగా జరగాలి, ఒకచోట పట్టేసి ఇంకోచోట వదులుగా ఉంటే మాత్రం నాకు అస్సలు నచ్చదు. అంతా ఒకేలా వదులుగా ఉంటే పైనున్న చిన్న స్క్రూలు బిగిస్తే సరిపోతుంది.

డిజిటలా, డయలా, వెర్నియరా అంటారా? గడియారంలా ముల్లుతో చూపించే డయల్ వాడటం హాయి, కానీ పళ్ళ పట్టీలో చిన్న ఇనుప రజను ఇరుక్కుంటే ముల్లు గెంతుతుంది. గీతలు చూసి చదివే వెర్నియర్‌కు బ్యాటరీ గొడవే లేదు, 0.02 వరకూ చదవొచ్చు, కళ్ళు సహకరించాలి అంతే. డిజిటల్ అయితే ఎల్ఆర్44 అనే ఆల్కలైన్ బటన్ సెల్ బదులు ఎస్ఆర్44 బ్యాటరీ వేయండి, సిల్వర్ ఆక్సైడ్ కాబట్టి వోల్టేజ్ చివరిదాకా నిలకడగా ఉంటుంది.

అన్నట్టు, ఆ రోజు జారిపోయిన బేరింగ్ ఇప్పుడు నా కాలిపర్ పెట్టెలోనే ఉంది. పొద్దున పని మొదలుపెట్టే ముందు దాన్ని ఒకసారి కొలుస్తాను, లోపలా బయటా.