పుస్తకం చూడకుండా చదివే పిల్లలు

మన బడి పూర్వ విద్యార్థుల సంఘం సంచికకు వ్యాసం అడిగితే మనవాళ్ళు చాలామంది ఆటల పోటీల గురించో, హెడ్మాస్టరు గారి బెత్తం గురించో రాస్తారు. బెత్తం సంగతి నాకూ బాగానే తెలుసు గానీ, సాయంత్రం బడి వదిలాక ప్రైమరీ సెక్షన్‌లో జరిగిన చదువు గురించి ఎవరూ రాయరేమోనని నేను రాస్తున్నాను.

మేం తొమ్మిదిలో ఉండగా తెలుగు మాస్టారు మాలో కొందరిని పిలిచి, మూడు, నాలుగు తరగతుల్లో చదవడం రాని పిల్లల్ని తలా ఇద్దరేసి చొప్పున అప్పగించారు. వాళ్ళిళ్ళల్లో బడి మొహం చూసినవాళ్ళు అంతకుముందు లేరు. అమ్మానాన్నలు పనులకు వలస వెళ్తే వీళ్ళూ వెళ్ళేవారు. తిరిగొచ్చేసరికి క్లాసు నాలుగు పాఠాలు దాటిపోయి ఉండేది.

నాకిచ్చిన ఇద్దరిలో ఒకడు మూడో తరగతి. పుస్తకం తెరవగానే పాఠం గడగడా చదివేశాడు. మాస్టారు వచ్చి పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంట్రా?" అన్నారు. వాడు పేజీ మొదటికెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు. పాఠమంతా నోటికి వచ్చు, అక్షరం రాదు! క్లాసులో అందరూ గట్టిగా చదువుతుంటే విని పట్టేశాడు. ఇంత జ్ఞాపకశక్తి ఉన్నవాణ్ణి అందరూ మొద్దు అనేవాళ్ళు.

గుణింతమూ అంతే. 'కే' చూపిస్తే క, కా, కి, కీ అని లోలోపల పాడుకుంటూ అక్కడిదాకా వచ్చి ఆగేవాడు. ప, వ, ష మూడూ వాడికి ఒకటే. మ, య సంగతి చెప్పనే అక్కర్లేదు. కూడబలుక్కుంటూ మాట చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేవాడు. ఇక వాక్యానికి అర్థం ఏం తెలుస్తుంది?

మాస్టారు పాఠ్యపుస్తకం పక్కన పెట్టించారు. "ఏ తరగతో చూడకండి, వాడికి ఎక్కడిదాకా వచ్చో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి" అన్నారు. పిల్లలు తడుముకుంటుంటే మేం అందించకూడదు, మనసులో ఐదు లెక్కపెట్టాలి. అదే కష్టం. ఆ వయసులో తెలిసిన జవాబు చెప్పకుండా నోరు మూసుకుని కూర్చోవడం కన్నా పెద్ద శిక్ష ఉందా?

తర్వాత చేయించిన పని నాకిప్పటికీ ఇష్టం. పిల్లల్నే ఏదో ఒకటి చెప్పమని, చెప్పింది చెప్పినట్టు రాసి, వాళ్ళచేతే చదివించాలి. మావాడు "మా చెల్లి నా పలక పగలగొట్టింది" అన్నాడు. పాత క్యాలెండరు వెనక పెద్ద అక్షరాలతో రాశాను. 'చెల్లి' తేలిగ్గానే దాటాడు. 'ట్టి' దగ్గర ఆగిపోయాడు. కింద ఉన్న వత్తును వేలితో దిద్ది, ఏదో గొణుక్కుని, తలెత్తి "పగలగొట్టింది!" అని అరిచాడు. చెల్లి మీద కోపమంతా అందులో ఉంది. పాఠం అప్పజెప్పేటప్పుడు ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. ఆ మాటల్నే ముక్కలుగా కత్తిరించి, కలిపేసి, మళ్ళీ వాక్యం పేర్చమనేవాణ్ణి. వత్తులు అలాగే వచ్చాయి. 'రాష్ట్రం' లాంటివి మాత్రం ఇద్దరినీ ఏడిపించాయి. పరీక్షల నాటికి వాడు తెలియని పేరాని కూడా మెల్లగా చదివి, అందులో ఏం జరిగిందో చెప్పగలిగాడు. నాలుగో తరగతి పాప అక్షరాలు పట్టుబడుతుండగానే మళ్ళీ వలస వెళ్ళిపోయింది.

మాస్టారి పద్ధతి లాంటిదే పెద్ద ఎత్తున కూడా నడిచిందని చాలా ఏళ్ళకు తెలిసింది. ముంబై, వడోదరల్లో పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 'బాలసఖి' పేరుతో, మూడు, నాలుగు తరగతుల్లో వెనుకబడ్డ పిల్లల్ని రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చదివించింది. చెప్పినవాళ్ళు చుట్టుపక్కల ఉండే అమ్మాయిలే, కొద్దిపాటి శిక్షణతో వచ్చినవాళ్ళు. పిల్లల మార్కులు పెరిగాయి, బాగా వెనుకబడ్డవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. దాన్ని పరిశీలించినవాళ్ళలో ఉన్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలకు 2019లో నోబెల్ కూడా వచ్చింది. అయినా పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే 2024ది చూస్తే, దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి స్థాయి పాఠం చదవలేకపోతున్నారు. ఐదో తరగతి పాఠం వాళ్ళకెలా బుర్రకెక్కుతుందో నాకైతే తెలియదు.

ఈసారి బడికి ఏం కానుకిద్దామని మన సంఘం అడుగుతోంది. ఆర్చి కట్టిద్దామని కొందరు, పెద్ద టీవీ పెట్టిద్దామని కొందరు. నేనడిగేది మనుషుల్ని. దగ్గర్లో ఉన్నవాళ్ళు వారానికి మూడు సాయంత్రాలు, అరగంట చొప్పున, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టుకుంటే చాలు. డిగ్రీలు అవసరం లేదు, ఓపిక కావాలి. ఏడాదంతా రాగలిగినవాళ్ళు పేర్లు ఇవ్వండి. నెలరోజులు వచ్చి మానేసేటట్లయితే మాత్రం ఆర్చికే చందా రాయండి.