ముంబై రైలెక్కకుండా ఇన్వెస్ట్‌మెంట్ ఫైనాన్స్ ఉద్యోగం

జాబ్ సైట్‌లో ‘ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అనలిస్ట్, హైదరాబాద్’ అని కొడితే పేజీలకు పేజీలు వస్తాయి. వాటిలో చాలా ఉద్యోగాలకు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌తో ఉన్న సంబంధం కంపెనీ బోర్డు మీద పేరు వరకే. ఐపీఓలు నడపడం, కంపెనీల కొనుగోళ్లు కుదర్చడం, ఏ షేరు కొనాలో ఫండ్ మేనేజర్ పక్కన కూర్చుని తేల్చడం, ఇవి ఇప్పటికీ ఎక్కువగా ముంబైలోనే జరుగుతాయి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అక్కడే, ఎక్స్ఛేంజీలు అక్కడే, చాలా ఫండ్ హౌస్‌ల హెడ్డాఫీసులూ అక్కడే. అందుకని హోదా పేరు పట్టుకుని వెతికితే నిరాశే మిగులుతుంది. ఒక షేరు కొన్నాక అది డీమ్యాట్‌లో పడాలి, ఫండ్ లెక్కల్లోకి ఎక్కాలి, చివరికి మదుపరి స్టేట్‌మెంట్‌లో కనిపించాలి. ఈ గొలుసులో మీ ఊళ్లో ఏ ముక్క ఉందో చూసుకుని దానికి గురిపెట్టండి.

హైదరాబాద్‌లో ఉన్నది ఈ గొలుసు మధ్య ముక్క, అదీ చాలా పెద్దది. మ్యూచువల్ ఫండ్ల రిజిస్ట్రార్ (మదుపరుల ఖాతాలు చూసే సంస్థ) కేఫిన్ టెక్నాలజీస్ కార్పొరేట్ ఆఫీసు ఇక్కడే. డీఈ షా 1996లోనే వచ్చింది. ఫ్యాక్ట్‌సెట్, ఫ్రాంక్లిన్ టెంపుల్టన్, ఇన్వెస్కో, స్టేట్ స్ట్రీట్, జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో ఆఫీసులున్నాయి. గోల్డ్‌మన్ శాక్స్ 2021లో తెరిచింది. ఇక్కడ వెతకాల్సిన మాటలు వేరు: ఫండ్ అకౌంటింగ్, ట్రేడ్ సెటిల్‌మెంట్ (షేర్లు, డబ్బు చేతులు మారడం), రీకన్సిలియేషన్ (రెండు చోట్ల లెక్కలు సరిపోల్చడం), కార్పొరేట్ యాక్షన్స్ (డివిడెండ్, స్ప్లిట్ లాంటివి), ట్రాన్స్‌ఫర్ ఏజెన్సీ (మదుపరుల యూనిట్ల ఖాతాలు), కొల్లేటరల్ (హామీగా పెట్టే ఆస్తులు). బీకాం, ఎంబీఏ వాళ్లకు తలుపు తెరుచుకునేది ఎక్కువగా ఈ పేర్ల మీదే.

చేరేముందు షిఫ్ట్ సంగతి గట్టిగా అడగండి. ‘రొటేషనల్’ అంటారు, వివరం చెప్పరు. అమెరికా మార్కెట్ సాయంత్రం 4కు మూస్తే మనకు వేసవిలో రాత్రి ఒంటిగంటన్నర, చలికాలంలో రెండున్నర. ఎన్ఏవీ (ఫండ్ యూనిట్ విలువ) లెక్క మొదలయ్యేదే ఆ తర్వాత. పైగా 2024 మే 28 నుంచి అక్కడ సెటిల్‌మెంట్ టీ ప్లస్ వన్, అంటే ట్రేడ్ మర్నాటి పనిరోజుకే అయింది. ట్రేడ్ జరిగిన రోజే అక్కడి రాత్రి 9లోపు అఫర్మేషన్ (ట్రేడ్ వివరాలు సరైనవేనని ఖరారు చేయడం) పూర్తి కావాలి. అంటే మనకు తెల్లారి ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఆ గడువు కోసం ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే. యూరప్, ఆసియా ఫండ్లు చూసే టీముల్లో పని వేళలు చాలా నయం. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే ‘ఏ దేశం ఫండ్లు’ అని ఒక్క మాట అడిగితే జాతకం తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూలో సిద్ధాంతాలకంటే బ్రేక్ గురించే ఎక్కువ అడుగుతారు. బ్రేక్ అంటే మన పుస్తకాల్లో ఒక అంకె, కస్టోడియన్ (ఫండ్ షేర్లు భద్రపరిచే బ్యాంకు) దగ్గర ఇంకో అంకె. ఒక ఉదాహరణ: మన దగ్గర 1,000 షేర్లు, ధర 250. కస్టోడియన్ దగ్గర 2,000 షేర్లు, ధర 125. విలువ రెండు చోట్లా రెండున్నర లక్షలే. చాలామంది ‘టోటల్ కలిసింది కదా’ అని ఆగిపోతారు. కలిసిన టోటలే ఇక్కడ అసలు ఆధారం: ముఖ విలువ 10 నుంచి 5కి చీలిందేమో, ఆ స్ప్లిట్ వాళ్లు నమోదు చేశారు, మనవాళ్లు చేయలేదేమో అని ముందు అనుమానించాలి. వెంటనే ఎక్స్ డేట్ (స్ప్లిట్ ధర అమల్లోకి వచ్చే రోజు) చూడాలి. మరొకటి: మన పుస్తకంలో బ్రోకరేజీ 10,000, బ్రోకర్ పంపే బిల్లు లాంటి కాంట్రాక్ట్ నోట్‌లో 11,800. తేడా 1,800 చూడగానే 18 శాతం జీఎస్టీ గుర్తుకు రావాలి. ఇలాంటివి ఇరవై తయారు చేసుకుని వెళ్తే చాలు, వంద ప్రశ్నల పీడీఎఫ్ బట్టీ పట్టక్కర్లేదు.

ఎక్సెల్ టెస్ట్‌లో ఫార్ములా రాక తప్పేవాళ్లు తక్కువ, డేటా శుభ్రం చేయక తప్పేవాళ్లే ఎక్కువ. ఐసిన్ (ప్రతి షేరుకూ ఉండే గుర్తింపు కోడ్) 12 అక్షరాలు. కాపీ చేసినప్పుడు చివర ఒక ఖాళీ అతుక్కుంటే 13 అవుతుంది, లుకప్ పనిచేయదు. ముందు ట్రిమ్ చేసి, పొడవు 12 ఉందో లేదో చూడండి. తేదీలది మరో తలనొప్పి: 03/04 మనకు ఏప్రిల్ 3, అమెరికా ఫైల్‌లో మార్చి 4. నెల ఉండాల్సిన చోట అంకె 12 దాటితే ఎక్సెల్ దాన్ని తేదీగా తీసుకోదు, పొరపాటు బయటపడుతుంది. 12లోపు ఉన్నవి మాత్రం కిక్కురుమనకుండా తప్పుగా కూర్చుంటాయి.

సర్టిఫికెట్లలో ఆపరేషన్స్‌కు సెబీ పెట్టిన శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం నిర్వహించే సిరీస్ ఏడు పరీక్ష, రీసెర్చ్‌కు సిరీస్ పదిహేను. ఏడుకు 50 శాతం వస్తే పాస్, పదిహేనుకు 60 కావాలి. రెండింటిలోనూ తప్పు జవాబుకు పావు వంతు కోత ఉంటుంది, తెలియని ప్రశ్నకు జవాబు పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి. మన దగ్గర ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది సిలబస్ కాదు, పేరు! పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంగా, పాన్ కార్డులో పూర్తిగా, ఆధార్‌లో చివర. పరీక్ష దరఖాస్తులో పాన్ మీద ఉన్నట్టే పేరు ఇవ్వండి. ఉద్యోగం వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లోనూ ఇదే గొడవ వస్తుంది కనుక ఇప్పుడే అన్నిట్లో ఒకేలా చేయించుకోవడం మేలు. ఇక కన్సల్టెన్సీ వాళ్లు పెట్టిస్తామనే రెండేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ జోలికి వెళ్లకండి. పీఎఫ్ సర్వీస్ హిస్టరీ తీస్తే నిమిషంలో దొరికిపోతుంది. అప్పుడు ఆ ఒక్క ఆఫర్ పోవడంతో కథ ముగియకపోవచ్చు.

విజయవాడ, వైజాగ్, తిరుపతి, వరంగల్‌లో కథ వేరు. అక్కడ ఉండేది గొలుసు చివరి ముక్క, అంటే మదుపరిని కలిసే పని. బ్యాంకుల్లో రిలేషన్‌షిప్ మేనేజర్, బ్రోకర్ల తరఫున పనిచేసే ఏజెంట్ల (ఆథరైజ్డ్ పర్సన్) ఆఫీసులు, మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్లు. వెల్త్ మేనేజర్ అని బోర్డు ఉన్నా, రోజూ అడిగేది ఎన్ని ఇన్సూరెన్స్ పాలసీలు కట్టించావని అయితే అది సేల్స్ ఉద్యోగమే. సేల్స్ తప్పేమీ కాదు, తెలిసి చేరితే. జీతానికి ఎన్ని రెట్ల ఆదాయం తేవాలి, అందులో ఇన్సూరెన్స్ వాటా ఎంత, చేరగానే పాత కస్టమర్ల జాబితా ఇస్తారా, లేక చుట్టాల మీద పడాలా? ఈ మూడింటికీ అంకెల్లో జవాబు రాకపోతే ఇంకో చోటు చూసుకోండి.

సొంతంగా డిస్ట్రిబ్యూటర్ అవుదామంటే ఎన్ఐఎస్ఎం సిరీస్ ఐదు ఏ పాసై, మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘం ఆంఫీ దగ్గర ఏఆర్ఎన్ (డిస్ట్రిబ్యూటర్ రిజిస్ట్రేషన్ నంబరు) తీసుకోవాలి. ఇందులో నెగటివ్ మార్కులు లేవు. కానీ లెక్క ముందే వేసుకోండి. ట్రెయిల్ కమీషన్ (మదుపరి డబ్బు ఫండ్‌లో ఉన్నంతకాలం వచ్చేది) ఏటా 0.8 శాతం అనుకుందాం. కోటి రూపాయల ఆస్తి మీద ఏడాదికి 80,000, నెలకు 6,700 కూడా రాదు. నెలకు 40,000 కావాలంటే 6 కోట్లు ఉండాలి. నెలకు 5,000 సిప్ కట్టే వందమందిని పట్టినా ఏడాదిలో పోగయ్యేది 60 లక్షలు. మొదటి రెండుమూడేళ్లు ఇల్లు గడవడానికి ఇంకో ఆదాయం లేకుండా దిగడం సాహసమే. అందుకే చాలామందికి ముందు పెద్ద డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఈయూఐఎన్‌తో (ఫండ్లు అమ్మే ఉద్యోగికిచ్చే గుర్తింపు నంబరుతో) ఉద్యోగిగా చేయడమే సరైన దారి.

రీసెర్చ్ మీదే మనసుంటే చిన్న ఊరు అడ్డం కాదు, ఒక్కోసారి అదే బలం. భీమవరం కుర్రాడికి రొయ్యల కౌంట్ ఎవరూ నేర్పక్కర్లేదు. 30 కౌంట్ అంటే కిలోకు ముప్పై, 100 కౌంట్ అంటే వంద, పెద్ద రొయ్యకే ధర. ఆ జ్ఞానంతో లిస్టయిన ఒక ఎగుమతి కంపెనీ మీద ఎనిమిది పేజీల నోట్ రాయండి. ఐదేళ్ల అమ్మకాలు, చెరువు గట్టు ధర మారితే మార్జిన్ ఎటు పోతుందో, బాకీలు ఎన్ని రోజులకు వసూలవుతున్నాయో, స్టాకు ఎన్ని రోజులు కూర్చుంటోందో, అమ్మకాల్లో అమెరికా వాటా ఎంతో. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ చివరి అంకె ఎంత ముఖ్యమో అందరికీ తెలిసొచ్చింది. మేత ఖర్చు ఎవరి పుస్తకంలో పడుతుందో కూడా విడదీయండి. రైతు దగ్గర కొనే కంపెనీ వేరు, మేత అమ్మే కంపెనీ వేరు. చాలా నోట్లు ఈ రెండింటినీ కలిపేసి తప్పుతాయి.

ఆ నోట్‌లో ‘కొనండి’ అని గానీ టార్గెట్ ధర గానీ పెట్టి టెలిగ్రామ్‌లో వదలొద్దు. సెబీ రిజిస్ట్రేషన్ లేకుండా జనానికి అలాంటి సలహాలు ఇస్తే 2014 నాటి రీసెర్చ్ అనలిస్ట్ నిబంధనల కింద చిక్కుల్లో పడతారు. రీసెర్చ్ టీములకు నేరుగా మెయిల్ చేయండి. సబ్జెక్ట్ లైన్‌లో కంపెనీ పేరు, మీరు కనిపెట్టిన ఒక్క విషయం ఉండాలి. ఎక్సెల్ ఫైల్ జతచేసేటప్పుడు ఫార్ములాలు అలాగే ఉంచండి. అంకెలు మాత్రమే అతికించిన షీట్ చూస్తే లెక్క మీదో, ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చిందో అవతలివాళ్లకు తెలియదు.