వెర్షన్ నంబర్ మారినంత మాత్రాన ప్యాచింగ్ అయిపోయినట్టు కాదు

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మైనర్ అప్‌డేట్ వచ్చిందని మెయిల్ పెట్టగానే టీమ్‌లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ప్రాడ్ బాగానే నడుస్తోంది కదా, ఇప్పుడు దాన్ని కెలకడం ఎందుకు, నెక్స్ట్ క్వార్టర్ చూద్దాం". రెండోది, "ఏముంది, ప్యాకేజీ మార్చి ఒక రీస్టార్ట్ కొడితే అయిపోతుంది". మొదటి మాట అనేవాళ్ళని ఎలాగోలా ఒప్పించొచ్చు. నాకు భయం రెండో మాట మీదే. అక్కడ పని అయిపోయిందని అందరూ నమ్మేస్తారు, టికెట్ క్లోజ్ అవుతుంది, ఆడిట్ షీట్‌లో పచ్చ రంగు పడుతుంది, లోపల పాత సమస్య మాత్రం కదలకుండా అలాగే ఉంటుంది. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నా, ముఖ్యంగా కొత్తగా డీబీఏ (డేటాబేస్‌లు చూసుకునే) పనిలోకి వచ్చినవాళ్ళ కోసం.

ముందు బేసిక్స్. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి వెర్షన్ నంబర్‌లో రెండే భాగాలు, 16.3 అంటే 16 మేజర్, 3 మైనర్. మేజర్ ఏడాదికొకటి వస్తుంది, ఐదేళ్ళ సపోర్ట్ ఉంటుంది. మైనర్లు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ నెలల్లో రెండో గురువారం వస్తాయి, మరీ అర్జెంట్ అయితే మధ్యలో కూడా వదులుతారు. మైనర్‌లో కొత్త ఫీచర్లు ఉండవు, బగ్ ఫిక్స్‌లు, సెక్యూరిటీ ఫిక్స్‌లు, డేటా పాడయ్యే సమస్యలకి రిపేర్లు, అంతే. డిస్క్ మీద డేటా ఫార్మాట్ మారదు కాబట్టి డంప్ తీసి రీస్టోర్ చేసే గొడవ లేదు. మైనర్ వేసుకోవడం కంటే పాత మైనర్ మీదే ఉండిపోవడం ఎక్కువ రిస్క్ అని ఆ ప్రాజెక్ట్ వాళ్ళే అధికారికంగా చెప్తారు. ఇదంతా నిజమే, కానీ "రీస్టార్ట్ కొడితే అయిపోతుంది" అనే నమ్మకం పుట్టింది కూడా ఇక్కడి నుంచే.

ఇప్పుడు 2024 మే 9న వచ్చిన 16.3, 15.7, 14.12 తీసుకోండి. అందులో సీవీఈ-2024-4317 అనే సెక్యూరిటీ లోపానికి ఫిక్స్ ఉంది (సీవీఈ అంటే బయటపడ్డ లోపాలకి ఇచ్చే నంబర్). క్రియేట్ స్టాటిస్టిక్స్ కమాండ్‌తో మనం తయారుచేసుకునే ఎక్స్‌టెండెడ్ స్టాటిస్టిక్స్ (కాలమ్‌లలో డేటా ఎలా ఉందో చెప్పే వివరాలు) ఉంటాయి కదా, వాటిని చూపించే పీజీ స్టాట్స్ ఎక్స్‌ట్, పీజీ స్టాట్స్ ఎక్స్‌ట్ ఎక్స్‌ప్రెస్ అనే రెండు సిస్టమ్ వ్యూల్లో పర్మిషన్ చెక్ సరిగ్గా లేదు. దాంతో మామూలు యూజర్ కూడా తనకి చూసే హక్కు లేని డేటా తాలూకు మోస్ట్ కామన్ వాల్యూస్ చదివేయొచ్చు. మోస్ట్ కామన్ వాల్యూస్ అంటే ఏవో లెక్కలు కాదు, టేబుల్‌లో నిజంగా ఉన్న విలువలే. జీతాల టేబుల్ మీదో పేషెంట్ల టేబుల్ మీదో స్టాటిస్టిక్స్ ఉంటే సంగతేంటో మీరే ఊహించుకోండి.

ఫిక్స్ వచ్చింది సరే. కానీ సిస్టమ్ వ్యూ డెఫినిషన్ బైనరీలో ఉండదు, క్లస్టర్ (ఒక సర్వర్ నడిపే డేటాబేస్‌లన్నీ కలిపి) పుట్టిన రోజున, అంటే ఇనిట్‌డీబీ రన్ చేసినప్పుడు, డేటా డైరెక్టరీలోని క్యాటలాగ్‌లో, అంటే డేటాబేస్ తన సొంత వివరాలు దాచుకునే టేబుల్స్‌లో, రాసేస్తారు, ఆ తర్వాత మైనర్ అప్‌డేట్ దాన్ని ముట్టుకోదు. కాబట్టి 16.3 వేశాక కొత్తగా పుట్టే క్లస్టర్లకి మాత్రమే సరైన వ్యూ వస్తుంది. అప్పటికే నడుస్తున్న క్లస్టర్లకి షేర్ డైరెక్టరీలో ఫిక్స్-సీవీఈ-2024-4317.ఎస్‌క్యూఎల్ అనే ఫైల్ ఇచ్చారు, దాన్ని ప్రతి డేటాబేస్‌లోనూ సూపర్ యూజర్‌గా మనమే రన్ చేయాలి. కొత్త డేటాబేస్‌లకి అచ్చుగా వాడే టెంప్లేట్1లో కూడా, టెంప్లేట్0లో కూడా. టెంప్లేట్0కి మామూలుగా కనెక్ట్ అవ్వనివ్వదు కాబట్టి ఆల్టర్ డేటాబేస్‌తో అలౌ కనెక్షన్స్ ట్రూ చేసి, స్క్రిప్ట్ రన్ చేసి, మళ్ళీ ఫాల్స్ పెట్టాలి. టెంప్లేట్0ని ఎవరు పట్టించుకుంటారులే అని వదిలేస్తే, రేపు ఎవరో పీజీ డంప్ అనే బ్యాకప్ టూల్‌లో క్రియేట్ ఆప్షన్ పెట్టి తీసిన డంప్‌ని రీస్టోర్ చేస్తారు, ఆ డేటాబేస్ టెంప్లేట్0 నుంచే పుడుతుంది, పాత వ్యూ మళ్ళీ దర్శనమిస్తుంది.

ఆ సీజన్‌లో మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు నా డెస్క్ దగ్గరికి వచ్చి, "అన్నా, అన్ని నోడ్లలోనూ 16.3 చూపిస్తోంది, టికెట్ క్లోజ్ చేసేయనా" అన్నాడు. "స్క్రిప్ట్ రన్ చేశావా" అంటే "ఏ స్క్రిప్టన్నా" అని నా మొహం చూశాడు. అతన్ని అనడానికేం లేదు, అతనికిచ్చిన చెక్‌లిస్ట్‌లో ఆ లైనే లేదు. పక్కన కూర్చోబెట్టి పీఎస్‌క్యూఎల్ అనే కమాండ్ లైన్ క్లయింట్‌లో ఆ వ్యూ డెఫినిషన్ తీయించాను. వేర్ కండిషన్‌లో ఇంకా హ్యాజ్ కాలమ్ ప్రివిలేజ్ అనే పాత చెక్కే కనిపిస్తోంది. స్క్రిప్ట్ రన్ చేసి మళ్ళీ తీస్తే ఈసారి ఆ చోట పీజీ హ్యాజ్ రోల్ అని టేబుల్ ఓనర్‌ని చూసే చెక్ వచ్చింది. సెలెక్ట్ వెర్షన్ కొడితే రెండుసార్లూ అదే 16.3. అతను ఆ రెండు స్క్రీన్లూ స్క్రీన్‌షాట్ తీసి టికెట్‌కి అటాచ్ చేశాడు, ఆ అలవాటు నాకు చాలా నచ్చింది. అన్నట్టు రెప్లికాల (అసలు సర్వర్‌కి నడిచే కాపీల) మీద విడిగా రన్ చేయక్కర్లేదు, ప్రైమరీలో, అంటే అసలు సర్వర్‌లో చేస్తే క్యాటలాగ్ మార్పు స్ట్రీమింగ్ రెప్లికేషన్‌లో వాటికీ వెళ్ళిపోతుంది.

ఫిక్స్ అసలు డేటాబేస్ సర్వర్ మీదే ఉండని సందర్భాలు కూడా ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 13న 17.3, దాంతోపాటు మిగతా బ్రాంచుల అప్‌డేట్లు వచ్చాయి, సీవీఈ-2025-1094 కోసం. బయటి టెక్స్ట్‌ని ఎస్‌క్యూఎల్‌లో సురక్షితంగా పెట్టేందుకు కోట్ చేసే ఫంక్షన్లకి తప్పుడు యూటీఎఫ్-8 బైట్లు ఇస్తే అవి సరిగ్గా ఎస్కేప్ చేయవు, ఆ టెక్స్ట్ పీఎస్‌క్యూఎల్‌లోకి వెళ్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (బయటివాడి టెక్స్టే కమాండ్‌గా నడిచిపోవడం) అవుతుంది, అక్కడి నుంచి పీఎస్‌క్యూఎల్ మెటా కమాండ్‌తో ఓఎస్ కమాండ్ కూడా నడిపేయొచ్చు. దీన్ని కనిపెట్టింది రాపిడ్7 రీసెర్చర్లు, బియాండ్‌ట్రస్ట్ ప్రోడక్ట్ మీద జరిగిన దాడిని స్టడీ చేస్తుంటే ఇది బయటపడింది, అంటే కాగితం మీది ప్రమాదం కాదు. ఇక్కడ బగ్ ఉన్నది లిబ్‌పీక్యూ (అప్లికేషన్లు పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడటానికి వాడే లైబ్రరీ), పీఎస్‌క్యూఎల్ లాంటి క్లయింట్ వైపు ముక్కల్లో. డేటాబేస్ సర్వర్‌ని ప్యాచ్ చేసి చేతులు దులుపుకుంటే ఆ పక్కన అప్లికేషన్ సర్వర్ మీద పాత లిబ్‌పీక్యూ అలాగే ఉండిపోతుంది. పైథాన్ వాళ్ళు సైకోపీజీ2-బైనరీ డ్రైవర్ వాడుతుంటే అది తన సొంత లిబ్‌పీక్యూని లోపలే పెట్టుకుని వస్తుంది, ఓఎస్ ప్యాకేజీ మార్చినా దానికి తెలియదు. జావా వాళ్ళ జేడీబీసీ డ్రైవర్‌కి లిబ్‌పీక్యూతో సంబంధం లేదు కాబట్టి ఆ భాగానికి దిగులు లేదు. మన ఆఫీసుల్లో డీబీఏ టీమ్ వేరు, యాప్ టీమ్ వేరు, మధ్యలో టికెట్లు తప్ప మాటలుండవు, ఇలాంటి ప్యాచ్‌లు ఆ సందులోనే జారిపోతాయి. దయచేసి వాళ్ళకి ఒక ఫోన్ కొట్టండి.

ఇంకో రకం ఉంది, నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఇదే. పోస్ట్‌గ్రెస్ 14 మొదటి రిలీజ్ నుంచి 14.3 వరకు క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ, రీఇండెక్స్ కంకరెంట్లీ కమాండ్లలో (టేబుల్‌లో రాతలు ఆపకుండా ఇండెక్స్ కట్టేవి) ఒక బగ్ ఉండేది. ఇండెక్స్ తయారవుతున్న సమయంలోనే రో అప్‌డేట్ అయి, పాత కాపీలు ప్రూన్ అయిపోతే (తుడిచిపెట్టుకుపోతే), ఆ రోకి ఇండెక్స్‌లో ఎంట్రీ పడకుండా పోయే అవకాశం. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. మనిషి ఊళ్ళోనే ఉన్నాడు కానీ రేషన్ లిస్టులో పేరు లేదు, డీలర్‌ని అడిగితే అలాంటి మనిషే లేడంటాడు, సరిగ్గా అలాగే ఇండెక్స్ ద్వారా వెతికితే రో దొరకదు, టేబుల్ మొత్తం స్కాన్ చేస్తే దొరుకుతుంది. యూనిక్ ఇండెక్స్ అయితే డూప్లికేట్లు కూడా దూరిపోవచ్చు. దీనికోసం ఆగస్టు దాకా ఆగకుండా 2022 జూన్ 16న 14.4ని విడిగా వదిలారు.

14.4 వేస్తే ఏమవుతుంది? ఇకముందు కట్టే ఇండెక్స్‌లు పాడవ్వవు. అప్పటికే పాడైనవి అలాగే ఉంటాయి, వాటిని బాగుచేయడం మన పని. పీజీ ఆమ్‌చెక్ టూల్‌ని హీప్ ఆల్ ఇండెక్స్‌డ్ ఆప్షన్‌తో నడిపితే టేబుల్‌లోని ప్రతి రోకీ ఇండెక్స్‌లో ఎంట్రీ ఉందో లేదో చూసి చెప్తుంది, పెద్ద టేబుల్ అయితే గంటలు పడుతుంది, పట్టనివ్వండి. కానీ అది బీ-ట్రీ ఇండెక్స్‌ల వరకే చెప్పగలదు, జిన్, జిస్ట్ లాంటి వేరే రకాల ఇండెక్స్‌లు కంకరెంట్లీగా కట్టి ఉంటే అడక్కుండా రీఇండెక్స్ చేసేయడమే. ఇందులో బాధాకరం ఏంటంటే దెబ్బ తిన్నది బద్ధకస్తులు కాదు, బ్లోట్ (ఇండెక్స్‌లో పేరుకున్న వృథా జాగా) తగ్గించాలని క్రమం తప్పకుండా రీఇండెక్స్ కంకరెంట్లీ జాబ్ పెట్టుకున్న శ్రద్ధగల టీములే. 14 పాత మైనర్ల నుంచి 14.4కి మారి ఆమ్‌చెక్ చేయకుండా ముందుకెళ్ళిన సిస్టమ్స్ ఎక్కడైనా ఉంటే, పీజీ అప్‌గ్రేడ్ టూల్‌తో 15కో 16కో వెళ్ళినా ఆ ఇండెక్స్ ఫైళ్ళు అలాగే వెంట వచ్చి ఉంటాయి. అనుమానం ఉంటే ఇవాళైనా చెక్ చేసుకోండి.

2024 నవంబర్ 14న వచ్చిన 17.1 బ్యాచ్‌లోనూ ఇలాంటి హెచ్చరిక ఉంది. ఫారిన్ కీతో ఇంకో పార్టిషన్డ్ టేబుల్‌ని (ముక్కలుగా విడదీసి దాచే టేబుల్) రిఫర్ చేస్తున్న పార్టిషన్డ్ టేబుల్ నుంచి ఎప్పుడైనా ఒక పార్టిషన్‌ని డిటాచ్ చేసి, దాన్ని డ్రాప్ చేయకుండా ఉంచుకుని ఉంటే, క్యాటలాగ్‌లో తేడా ఉండొచ్చు, కన్‌స్ట్రైంట్ డ్రాప్ చేసి మళ్ళీ కట్టుకోవాలి, ఏవి దెబ్బతిన్నాయో పట్టుకునే క్వెరీ కూడా రిలీజ్ నోట్స్‌లోనే ఇచ్చారు. పాత నెలల పార్టిషన్లు డిటాచ్ చేసి ఆర్కైవ్ కింద పక్కన పెట్టుకోవడం మన దగ్గర చాలా చోట్ల ఉన్న అలవాటే.

నిజం చెప్పాలంటే ఆ నవంబర్ బ్యాచ్‌తోనే వాయిదా బ్యాచ్ వాళ్ళకి బలం కూడా వచ్చింది. పోస్ట్‌గ్రెస్ కోడ్ లోపల ఒక స్ట్రక్చర్ చివర కొత్త ఫీల్డ్ కలపడంతో దాని సైజు పెరిగింది, పాత మైనర్ హెడర్లతో కంపైల్ చేసిన టైమ్‌స్కేల్‌డీబీ లాంటి ఎక్స్‌టెన్షన్లకి దాంతో ఇబ్బంది. దానికి తోడు ఒక సెక్యూరిటీ ఫిక్స్ వల్ల ఆల్టర్ రోల్ సెట్ రోల్ అని పెట్టుకున్న సెట్టింగ్ పనిచేయడం మానేసింది. సరిగ్గా వారానికి, నవంబర్ 21న, 17.2 బ్యాచ్ వదిలి రెండూ సరిచేశారు. ఫిబ్రవరి 2025లోనూ 17.3 ఎస్కేపింగ్ ఫిక్స్‌లో తేడా వచ్చి వారానికే 17.4 వచ్చింది. దీన్ని పట్టుకుని "చూశారా, అందుకే వేయొద్దన్నాం" అంటే నేను ఒప్పుకోను. స్టేజింగ్‌లో (ప్రాడ్ లాంటి టెస్ట్ సెటప్‌లో) మీ ఎక్స్‌టెన్షన్లతో సహా వేసి ఒక వారం నడపండి, పెద్ద సీవీఈ అయితే ఆ వారాన్ని రెండు రోజులకి కుదించండి. వారం ఆగడానికీ ఏడాది ఆగడానికీ చాలా తేడా ఉంది.

రీస్టార్ట్ సంగతి కూడా చెప్పేస్తా. స్టాండ్‌బైలని (అంటే రెప్లికాలని) ముందు అప్‌డేట్ చేయండి, తర్వాత స్విచ్ఓవర్ (వాటిలో ఒకదాన్ని ప్రైమరీ చేయడం), ఆఖర్న పాత ప్రైమరీ, ఎందుకంటే కొత్త మైనర్ పాత వాల్ (మార్పులు నమోదయ్యే లాగ్) ఫైళ్ళని చదవగలిగే అవకాశమే ఎక్కువ, తిరగేస్తే అంత భరోసా లేదు. ఆపే ముందు చేత్తో ఒక చెక్‌పాయింట్ కొడితే (మెమరీలోని మార్పులు డిస్క్‌కి రాయిస్తే) షట్‌డౌన్ తొందరగా అవుతుంది. పీజీబౌన్సర్ (యాప్‌కీ డేటాబేస్‌కీ మధ్య కనెక్షన్లు చూసుకునే పూలర్) ఉంటే పాజ్ పెట్టి, పని అయ్యాక రిజ్యూమ్ చేయండి, యాప్‌కి ఎర్రర్ల బదులు కాసేపు ఆలస్యమే కనిపిస్తుంది. ప్యాకేజీ ఒక్కటీ వేసి "రీస్టార్ట్ వీకెండ్‌లో చేద్దాం" అని మాత్రం వదిలేయకండి. మెమరీలో నడిచేది పాత సర్వర్, కానీ కొత్త కనెక్షన్‌లో పీఎల్/పీజీఎస్‌క్యూఎల్ ఫంక్షన్ పిలవగానే డిస్క్ మీది కొత్త లైబ్రరీ లోడ్ అవుతుంది, పాతదీ కొత్తదీ కలిసి నడిచే ఆ స్థితిని ఎవరూ టెస్ట్ చేసి ఉండరు. డిస్క్ మీది బైనరీ వెర్షన్, షో సర్వర్ వెర్షన్ ఇచ్చే జవాబు, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా వెంటనే దొరుకుతుంది.

మా చేంజ్ టెంప్లేట్‌లో ఇప్పుడు వెర్షన్ నంబర్ కాలమ్ పక్కనే ఇంకో కాలమ్ పెట్టించాను, రిలీజ్ నోట్స్‌లో మైగ్రేషన్ అనే మొదటి సెక్షన్ నుంచి మనం చేయాల్సిన పని ఏంటో అందులో రాయాలి, ఏమీ లేకపోతే "చదివాను, ఏమీ లేదు" అని పేరుతో సహా రాయాలి. దాటేసి వెళ్తే మధ్యలో వదిలిన మైనర్లన్నిటి నోట్స్ చదవాలి, 16.1 నుంచి నేరుగా 16.6కి వెళ్ళేవాళ్ళకి 16.3 స్క్రిప్ట్ కూడా బాకీయే. పెద్ద పనేం కాదు, ఆ సెక్షన్ చాలాసార్లు నాలుగైదు పేరాలు దాటదు. 13 వాళ్ళకి 2025 నవంబర్‌లో 13.23తో సపోర్ట్ ముగిసింది, 14కి 2026 నవంబర్ దాకా ఉంది, కాబట్టి 14 మీద ఉన్నవాళ్ళు ఈ చెక్‌లన్నీ మేజర్ అప్‌గ్రేడ్‌కి ముందే పూర్తి చేసుకోండి, ముఖ్యంగా ఆ ఆమ్‌చెక్.