నాన్న పెట్టిన పేర్లు పట్టట్లేదు

పదకొండున్నర దాటింది. చిన్నది ఎప్పుడో పడుకుంది, మా ఆయన కూడా. నాకే నిద్ర పట్టట్లేదు, ఇది రాసేస్తే గానీ పట్టేలా లేదు.

సర్వర్ సంగతే. బీరువా పక్కన ఊరికే పడున్న పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు అనే లినక్స్ ఎక్కించి, విండోస్, మాక్, లినక్స్ మూడూ ఒకే చోటి ఫైళ్ళు వాడుకునేలా చేసే సాంబా అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, ఇంట్లో అందరి ఫైళ్ళూ ఒకచోట చేరుద్దామని మొదలుపెట్టిన పని. నాన్నది విండోస్, మా ఆయనది మాక్, నాది లినక్స్. పెన్‌డ్రైవ్ ముగ్గురి మధ్యా తిరిగీ తిరిగీ ఏ ఫోటో ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీకుండా పోయింది. కిందటి ఆదివారం ఒక పూటంతా పాస్‌వర్డ్ దగ్గరే గడిచింది, లినక్స్‌లో యూజర్‌కి పాస్‌వర్డ్ ఉన్నా సాంబాకి విడిగా ఇంకోటి పెట్టాలి, ఆ సంగతి తట్టేసరికి అన్నాలవేళ అయింది. తర్వాత మా ఆయన మాక్‌తో సాంబా సరిగ్గా కలవడం కోసం ఫ్రూట్ అనే మాడ్యూల్ కూడా కలిపాను. నేను "పెళ్ళి: రెండో రోజు" అని పేరు పెట్టుకున్న ఫోల్డర్ నాన్న లాప్‌టాప్‌లో అర్థం కాని అక్షరాలతో కనపడింది, విండోస్‌లో పేరు మధ్య కోలన్ ఉండకూడదు కాబట్టి సాంబా దానికో పొట్టి మారుపేరు ఇచ్చి చూపిస్తుందట. కోలన్ తీసేశాను, సరిపోయింది. అక్కడిదాకా ఏ గొడవా లేదు. చిన్నదాని బారసాల ఫోటోలు మూడు కంప్యూటర్లలోనూ ఒకేలా తెరుచుకుంటే నాకు ఎంత సంతోషమేసిందో.

ఇవాళ నాన్న ఆడియో ఫోల్డర్ వంతు. 214 ఫైళ్ళు, అన్నీ పాత క్యాసెట్ల నుంచి ఆయన ఓపిగ్గా కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించుకున్నవి. 183 వెళ్ళాయి. 31 వెళ్ళలేదు, పేరులో ఏదో తప్పుందని మెసేజ్. మళ్ళీ పంపాను, మళ్ళీ అదే. కోలన్లు లేవు, ప్రశ్నార్థకాలు లేవు, పర్మిషన్లు చూశాను, డిస్క్ ఖాళీ చూశాను, అన్నీ బానే ఉన్నాయి. రెండు గంటలు పట్టింది అసలు విషయం తెలియడానికి.

పేరు పొడవు! లినక్స్ డిస్కులో ఫైళ్ళూ వాటి పేర్లూ దాచుకునే పద్ధతి ఎక్స్‌టీ4, అందులో ఒక పేరుకి 255 బైట్లే చోటు. 255 అక్షరాలు కాదు, బైట్లు, అంటే కంప్యూటర్లో చోటుని కొలిచే చిన్న కొలత. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడు, గుణింతానికి విడిగా మూడు, పొల్లుకి విడిగా మూడు. రాజమండ్రి అని రాస్తే చివరి "డ్రి" ఒక్కదానికే పన్నెండు బైట్లు, మొత్తం పేరుకి 27. విండోస్ లెక్క వేరు, అక్కడ తెలుగైనా ఇంగ్లీషైనా ఒక్కో గుర్తుకీ ఒకటే లెక్క, అందుకే నాన్న లాప్‌టాప్‌లో ఇన్నేళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు.

నాన్న పెట్టిన ఒక పేరు ఇది, ఉన్నదున్నట్టు: "నాయనమ్మ పాడిన మంగళహారతి పెద్దత్తయ్య కూతురి పెళ్ళిలో ద్రాక్షారామం 1994 మధ్యలో కరెంటు పోయింది మళ్ళీ మొదట్నుంచి పాడింది". చివర ఎంపీ3 అన్న తోకతో కలిపి విండోస్ లెక్కలో 120, లినక్స్ లెక్కలో 318.

ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. మా ఆయనకి చెప్తే "మామయ్యగార్ని ఇంగ్లీషులో పెట్టుకోమనరాదూ" అన్నారు. ఆఫీసులో సర్వర్లు చూసే స్నేహితురాలికి మెసేజ్ పెడితే తనూ అదే మాట, ఫైల్ పేర్లు ఎప్పుడూ ఇంగ్లీషులోనే, చిన్నగా, ఖాళీలు లేకుండా పెట్టుకోవాలే అని. ఎందుకు పెట్టుకోవాలి? డెబ్భై రెండేళ్ళ మనిషి, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు సొంతంగా నేర్చుకుని, ఒక వేలితో ఒత్తులు వెతుక్కుంటూ కొట్టిన పేర్లు. నాయనమ్మ పాటకి ఇంగ్లీషులో ఏం పేరు పెడతారు? మంగళహారతి1, మంగళహారతి2 అనా? తెలుగులో కంప్యూటర్ వాడాలని అందరం అంటాం, ఒక్క మనిషి నిజంగా వాడితే మాత్రం ఆయన్నే మార్చుకోమంటాం. ఈ మాట సాయంత్రం మా ఆయనతో కాస్త గట్టిగానే అన్నాను, ఆయన పాపం ఏమీ అనలేదు, చపాతీలు ఒత్తుతూ కూర్చున్నారు. అయినా కోపం తగ్గలేదు. ఇప్పుడు రాస్తుంటే మళ్ళీ వస్తోంది.

నాన్నకి ఈ అలవాటు క్యాసెట్ల నాటిది. డబ్బాలో ఉండే అట్టముక్క మీద నీలం సిరాతో అంచులదాకా రాసేవారు, ఎవరు, ఎక్కడ, ఎందుకు, అప్పుడేం జరిగింది. ఆఫీసు ఫైలు మీద "విషయం" అని రాసే అలవాటే ఇంటికీ వచ్చింది. ఆ ద్రాక్షారామం పెళ్ళి నాకు బాగా గుర్తు. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న మోకాలి మీద బ్యాటరీల టేప్ రికార్డర్, నేను పక్కనే. నాయనమ్మ రెండో చరణంలో ఉండగా కరెంటు పోయింది, మైకు ఆగిపోయింది, ఆవిడా ఆగిపోయింది. నాన్న స్టాప్ నొక్కలేదు. చీకట్లో అలా తిరుగుతూనే ఉంది టేపు. ఎవరో విసనకర్ర అడగడం, వంటల దగ్గర గిన్నె పడటం, ఎవరి పిల్లో ఏడుపు, పెట్రోమాక్స్ లైటు తెమ్మని కేక, "నాన్నా, మన మాటలు కూడా పట్టేస్తోందా ఇది" అని నా గొంతు, "ష్" అని నాన్న. దాదాపు నాలుగు నిమిషాలు. కరెంటు వచ్చాక ఎవరో "ఆపిన చోటి నుంచి అందుకోండి పిన్నిగారూ" అంటే, నాయనమ్మ "హారతి అలా పాడకూడదు" అని మళ్ళీ మొదటి చరణం ఎత్తుకుంది. నాయనమ్మ మామూలుగా మాట్లాడిన మాట రికార్డైంది మా దగ్గర అదొక్కటే. మిగతా అన్నిట్లోనూ పాడటమే.

అందుకని పేర్లు కత్తిరించే స్క్రిప్టు రాసి కూడా నడపలేకపోయాను. 80 గుర్తుల దగ్గర కోస్తే "మళ్ళీ మొదట్నుంచి పాడింది" అన్నదే పోతుంది. నాన్న దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. బాధపడతారేమో అనుకున్నా. "దానికేముందమ్మా, కరెంటు సంగతి తీసెయ్, అదెవరిక్కావాలి, ఊరూ సంవత్సరం ఉంటే చాలు" అన్నారు, చాలా తేలిగ్గా! నేనే ఒప్పుకోలేదు. "అది తీస్తే ఎలా నాన్నా, నాయనమ్మ మాట అందులోనే ఉంది" అన్నా. ఆయన కళ్ళద్దాలు తీసి నావంక కాసేపు చూశారు.

ఆ తర్వాత కూర్చుని చదివితే కోపం ఒక పక్క నుంచి సడలింది. అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా మార్చి రాసే యూటీఎఫ్-8 అనే పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ తయారుచేశారు, పాత ఇంగ్లీషు ఫైళ్ళన్నీ ఒక్క అక్షరం మారకుండా పనిచెయ్యాలని చూసుకున్నారు. దానివల్లే మనకి మూడు బైట్లు పడ్డాయి, నిజమే. కానీ దానివల్లే ఎక్స్‌టీ4 పేరులో ఏ భాష ఉందో పట్టించుకోదు, బైట్లు ఇస్తే దాచుకుంటుంది, తిరిగిస్తుంది. అందుకే ఆ 183 పేర్లు ఒక్క ఒత్తు చెడకుండా వెళ్ళాయి. ఆ సాంబా కూడా ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆయన కాన్‌బెర్రాలో చదువుకుంటూ, రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేది నెట్‌వర్క్ మీద విని విని రాసుకున్నది. వీళ్ళెవరి మీదా నాకు కోపం ఉండక్కర్లేదు. ఇంగ్లీషులో పెట్టుకోమన్న మాట మీద మాత్రం ఉంది, అది పోదు.

దారి తొమ్మిదిన్నరకి దొరికింది. ఆ 255 ఒక్కో పేరుకి, ఫోల్డర్ల పేర్లూ ఫైలు పేరూ కలిపిన మొత్తం చిరునామాకి కాదు. అంటే పేరుని రెండుగా విడదీస్తే చాలు. "పెద్దత్తయ్య కూతురి పెళ్ళి ద్రాక్షారామం 1994" అని ఫోల్డర్, లోపల "నాయనమ్మ పాడిన మంగళహారతి మధ్యలో కరెంటు పోయింది మళ్ళీ మొదట్నుంచి పాడింది". లోపలి పేరు 198 బైట్లు, పట్టేసింది! నాన్నకి ఇది తెగ నచ్చింది, అయితే ఆ పెళ్ళి ఫోటోలు కూడా అందులోనే పెట్టొచ్చు కదే అని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్కో పేరూ ఆయన చదవడం, ఏది ఫోల్డరో ఏది ఫైలో ఇద్దరం తేల్చుకోవడం, నేను మార్చడం. పదకొండుకి 25 అయ్యాయి.

ఆరు మిగిలాయి. వాటిలో ఎవరు పాడారో, ఏ పాటో, వాన పడిందో లేదో కూడా రాసి ఉంది గానీ ఎవరి పెళ్ళో రాసి లేదు. నాన్నకి గుర్తు రాలేదు. పొద్దున్నే పెద్దత్తయ్యకి ఫోన్ చేసి వినిపిస్తానన్నారు.